పగటి దోమ

"సాయంత్రమైతే చాలు, కాయిల్ ముట్టిస్తాండానక్కా. ఒక్క దోమ గూడా కుట్టదు," అంది నాగమణి, జ్వరాల సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త ఉమతో.

ఆళ్లగడ్డలో మిట్టమధ్యాహ్నం. ఉయ్యాలలోని పాప చేతిమీద వాలిన దోమను ఉమ చటుక్కున కొట్టి చూపించింది. దాని కాళ్లనిండా తెల్లచారలు.

"ఇది డెంగీ దోమ. పగలే కుడతాది. నువ్వు కాయిల్ ముట్టించేసరికే దీని పని అయిపోయింటాది."

నాగమణి నవ్వబోయింది. "పాపకు మూడు దినాలు జ్వరమొచ్చిండె. పొద్దున తగ్గిపోయిందిలేక్కా. అప్పట్నుంచీ హాయిగా నిద్రపోతాంది."

ఉమ పాప పాదాలు తాకి చూసింది. చల్లగా ఉన్నాయి.

"జ్వరం తగ్గినాకనే దీంతో భయం. బిర్నా ఎత్తుకో, నంద్యాల ఆసుపత్రికి పోదాం."

నాగమణి పాపను ఎత్తుకుని "జానూ, జానూ" అని పిలిచింది. పాప సన్నగా మూలిగిందే గానీ కళ్లు తెరవలేదు. పొద్దుట్నుంచీ తాను నిద్ర అనుకున్నది నిద్ర కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.