కోసిన ప్లగ్గు

"దొంగ! దొంగ!"

వాచ్‌మన్ లక్ష్మణ్ కేక విని, సుధారాణి చేతిలోని మందుల ట్రే అక్కడే పెట్టి పరుగెత్తింది. ఎల్లారెడ్డి దారిలోని ఆ చిన్న ట్రస్టు దవాఖానకు ఆమే పెద్ద నర్సు.

కొత్త మిషన్ గదిలో అరవై దాటిన ఒక మనిషి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు లక్ష్మణ్. ఆ మనిషి ఒక చేతిలో కట్టరు ఉంది. రెండో చేతిలో మిషన్ వైరు నుంచి కోసిన ప్లగ్గు ఉంది.

కొత్త మిషన్ అనడమే గానీ అది పాతదే. నెలలు నిండని పసిపిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్. సౌదీలో ఏదో పెద్ద ఆసుపత్రి తాను వాడింది దానంగా పంపితే, మొన్ననే లారీలో దిగింది.

దాని కోసం సుధారాణి నాలుగేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. బక్కగా పుట్టిన ప్రతి బిడ్డనూ కామారెడ్డికి పంపాల్సిందే. కిందటి నెల ఒక బిడ్డ దారిలోనే చల్లబడిపోయింది. ఆ తల్లి ఏడుపు సుధారాణి చెవుల్లోంచి ఇంకా పోలేదు.

అందుకే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏందయ్యా గిది? పసిపోరగాండ్ల మిషన్ల వైరు కోసుకపోతవా? సిగ్గు లేదా?"

"కోసుకపోను బిడ్డా. గిక్కడి కరెంటు దానికి పడది. అది తక్కువ కరెంటు మీద నడిచే మిషను. ఎవలన్న తెల్వక పెడ్తరేమోనని కోసిన. కామారెడ్డికి పోయి నడుమ పెట్టే, కరెంటు తగ్గించే డబ్బా తెస్త."

"మస్తు జెప్పినవ్. ఇంజనీరువా?"

"కాదు బిడ్డా. మాది సదాశివనగర్. నేను సౌదీల..."

"సౌదీ పోయొచ్చినోళ్లు ఊరికి నూరుమంది ఉన్నరు. అందరూ ఇంజనీర్లేనా?"

దొంగకు సవాలక్ష సాకులు అనుకుందామె.

ఆ మనిషి ప్లగ్గును బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"రెండు దినాలు ఆగుండ్రి. నీకు దండం పెడ్త."

లక్ష్మణ్ అతణ్ని గేటు దాకా నెట్టుకుంటూ పోయాడు.

సాయంత్రం లక్ష్మణే బజారుకు వెళ్లి కొత్త ప్లగ్గు తెచ్చి బిగించాడు.

"ఒక్కసారి స్విచ్ ఏసి చూద్దామా అక్కా?"

"వద్దు. రేపు పది గంటలకు చైర్మన్ సారు వచ్చి రిబ్బన్ కత్తిరిస్తరు. గంతవరకు దాన్ని ముట్టొద్దు."

అక్కడి పద్ధతే అంత. బోరు మోటారైనా, బడి బెంచీ అయినా పెద్దమనిషి చెయ్యి పడందే వాడరు. ముందే వాడితే ఆయనకు చిన్నతనం. పెట్టెలో వచ్చిన కాగితాల కట్టను కూడా విప్పకుండా మిషన్ కిందే ఉంచారు.

తెల్లవారుజామున సాయిలత అనే అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. కిలోన్నర కూడా లేదు.

"కామారెడ్డికి పంపుదాం," అంది డాక్టరమ్మ.

"పదింటికే మన మిషన్ సురువైతది గదా మేడం. మళ్లీ ఆ దారిల ఎందుకు? ఈ బిడ్డనే అందుల మొదట పండబెడ్దాం."

డాక్టరమ్మ కాసేపు ఆలోచించి సరేనంది. బిడ్డ అమ్మమ్మ హన్మవ్వ అసలు ఆలోచించనే లేదు.

"నువ్వెట్లంటే గట్లనే బిడ్డా."

పది దాటింది. పదకొండు దాటింది. హన్మవ్వ పసిదాన్ని దూదిలో చుట్టి, రొమ్ముకు హత్తుకుని కూర్చుంది. చైర్మన్ సారు పన్నెండుకు వచ్చాడు.

కొబ్బరికాయ కొట్టారు. మిషన్‌కు పసుపు, బొట్టు పెట్టారు. రిబ్బన్ కత్తిరించారు. ఫొటోలు దిగారు.

సుధారాణి దేవుణ్ని తలుచుకుని స్విచ్ వేసింది.

టప్‌మంది. మిషన్ వెనక నుంచి పొగ లేచింది. గదంతా కాలిన వాసన.

"పాత సామాను మనకు అంటగట్టిండ్రు!" అని చైర్మన్ సారు విసుక్కుంటూ కారెక్కాడు.

బిడ్డ పెదవులు అప్పటికే నీలంగా మారుతున్నాయి. డాక్టరమ్మ తనే బిడ్డను తీసుకుని అంబులెన్సు ఎక్కింది. వెనకే ఎక్కుతూ హన్మవ్వ ఒక్కమాట అడిగింది.

"పొద్దుగాల్నే పోతే అయిపోతుండె గదా బిడ్డా?"

అంబులెన్సు కనుమరుగయ్యాక సుధారాణి గేటు దగ్గరికి పరుగెత్తింది.

"లక్ష్మణ్, నిన్నటి ముసలాయన మళ్ల వచ్చిండా?"

"వచ్చిండక్కా, పొద్దుగాల్నే. ఏందో బరువు డబ్బా మోసుకొచ్చిండు. సారు వచ్చే టైమని లోపలికి రానియ్యలే. ఇంకోసారి కనవడితే పోలీసులకు ఫోన్ జేస్తనన్న. బస్సెక్కి పోయిండు."

గంటంపావు తర్వాత డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"చేర్పించినం సుధా. ఊపిరైతే నడుస్తుంది. లేటు జేసినమని మస్తు కోప్పడ్డరు. సాయంత్రందాంక ఏం జెప్పలేమంటున్నరు."

సుధారాణి తన నోటితోనే ఆపిన బిడ్డ. ఆ ముసలాయన ఒక్కమాట పూర్తిగా చెప్పనిచ్చినా ఇంత అయ్యేది కాదు.

మిషన్ కిందున్న కాగితాల కట్ట తీసి విప్పింది. ఏ కరెంటో ఎక్కడైనా రాసి ఉందేమోనని చూసింది. అన్నిటికంటే పైన, సౌదీ ఆసుపత్రి వాళ్లు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం ఉంది. కూడబలుక్కుంటూ చదివింది.

"మేము తుక్కులో వేయబోయిన ఈ మిషన్‌ను, మా దగ్గర పద్దెనిమిదేళ్లు మిషన్లు బాగుచేసిన సిద్దిరాములు తన జిల్లా పిల్లల కోసం అడిగి తీసుకున్నాడు, జీతం లేకుండా మీ దగ్గరే ఉండి నడిపిస్తానన్నాడు గనుక, దీనితో పాటు ఆయన్ను కూడా మీకే ఇస్తున్నాం."