అంటించిన అందం

"గోడకు ఒక్క మేకు దిగిందా, మీరు ఇల్లు ఖాళీ చేసుడే!"

ఇంటి ఓనరు జంపక్క బాత్రూం గుమ్మానికి అడ్డంగా నిలబడి ఖరాఖండిగా చెప్పేసింది. సుత్తి పట్టుకుని నిలబడ్డ ప్రమీలకు ఒళ్లు మండిపోయింది.

"మేకు వద్దంటవు, రంగు వద్దంటవు. మా పైసలతోటి టైల్స్ మార్పించుకుంటమన్నా వద్దనే అంటవు. ఎట్లక్కా మరి? ఎల్లుండి నవమికి మా వదినె వస్తాంది. పోయినేడు ఈ బాత్రూం చూసి మా గొడ్లకొట్టం నయమన్నది. అదీ చుట్టాలందరి ముంగట!"

"అన్నది, పోయింది. ఏమాయె?" అంది జంపక్క చల్లగా. "ఉన్నది ఉన్నట్టే ఉండాలె. గంతే."

ఆ బాత్రూం సంగతి చెప్పుకుంటేనే సిగ్గుచేటు. ఒక గోడకు ముదురాకుపచ్చ టైల్స్, రెండో గోడకు మట్టిరంగువి, మూడో గోడకు పాచిపోయిన పప్పులాంటి పసుపువి. పైన ఒక గుడ్డి బల్బు. భద్రాచలంలో గుడికి నాలుగడుగుల దూరం, చల్లటి గాలి, రెండు గదులు, అన్నీ కుదిరిన ఇంటికి ఇదొక్కటే దరిద్రం.

"రెండు రోజుల చుట్టరికానికి ఎందుకే ఇంత హైరానా?" అన్నాడు మొగుడు ప్రభాకర్, సారపాక మిల్లుకు డ్యూటీకి బయల్దేరుతూ.

"మీ అక్క మాటలు పడేది నేను, నువ్వు కాదు!"

ప్రమీలకు పంతం పట్టింది. మేకు కొడితేనే కదా తప్పు! బజారుకు పోయి టైల్స్ మీద అంటించే తెల్లటి స్టిక్కర్ షీట్లు, గోడకు నొక్కితే పట్టుకునే కొక్కేలు, పూల కర్టెన్, ప్లాస్టిక్ తీగ, పెద్ద ఎల్ఈడీ బల్బు తెచ్చింది. షీటును ఒక మూల అంటిస్తే ఇంకో మూల లేచింది. మధ్యలో బుడగలొచ్చాయి. కొక్కెం రెండుసార్లు ఊడి నెత్తి మీద పడింది. "నీ పాడుగాను!" అని గోడను తిట్టి మళ్లీ అంటించింది. పొద్దుగూకే వేళకు నడుం విరిగింది గానీ బాత్రూం తళతళలాడింది.

జంపక్క వచ్చి చూసి పెదవి విరిచింది.

"మేకు కొట్టలే, రంగెయ్యలే. ఖాళీ చేసేటప్పుడు పీకేస్త" అంది ప్రమీల గర్వంగా.

"నీ ఇష్టం బిడ్డా. తర్వాత నన్ను అనొద్దు."

కల్లూరు నుంచి వదినె మంగమ్మ దిగింది. స్నానానికి వెళ్లి ముప్పావుగంటకు బయటికొచ్చింది. "అబ్బ! లాడ్జీలో కూడా ఇంత బాగుండదే ప్రమీలా!" అని మరదలి బుగ్గలు పుణికింది. ప్రమీల కడుపు నిండిపోయింది.

పోయినేడు కల్యాణం చూసి సాయంత్రం బస్సుకే పోయిన మనిషి, ఈసారి కల్యాణం చూసింది, మర్నాడు పట్టాభిషేకం చూసింది, ఆ తర్వాత చూడ్డానికి ఏమీ లేకపోయినా ఉండిపోయింది. ప్రమీల పనిచేసే బడి దుమ్ముగూడెంలో. ఒంటిపూట బడులు కాబట్టి ఏడింటికల్లా బస్సెక్కాలి. వదినె ఆరింటికి బాత్రూంలో దూరితే ఏడు దాటాకే బయటికి. ప్రమీల రోజూ బయట నల్లా దగ్గర మొహం కడుక్కుని పరుగు. ఆలస్యమైందని హెడ్మాస్టరు అందరి ముందూ రెండుసార్లు కడిగేశాడు.

"మీ అక్కకు నువ్వన్న చెప్పు."

"నేనెట్ల చెప్పాలె? తోడబుట్టినదాన్ని పో అంటరా?" అని ప్రభాకర్ జారుకున్నాడు.

పదో రోజు పొద్దున మంగమ్మ తీరిగ్గా తల తుడుచుకుంటూ అంది: "ఫోనులో మన బాత్రూం చూపించానే. మా కూతుళ్లిద్దరూ ఒకటే గంతులు! సెలవులివ్వగానే పిల్లలతో సహా వస్తారంట. ఎండలు తగ్గేదాకా అందరం ఇక్కడే!"

ప్రమీలకు ఏడుపొచ్చింది. ఇక లాభం లేదనుకుంది. బడికి సెలవు పెట్టి, వదినె గుడికి పోగానే కొంగు నడుముకు చెక్కి షీట్లన్నీ పరపరా పీకేసింది. కర్టెన్, తీగ, కొక్కేలు అన్నీ మూటగట్టి అటక మీదికి విసిరింది. పాత బల్బు మళ్లీ పెట్టింది.

గుడి నుంచి వచ్చి బాత్రూంలోకి వెళ్లిన మంగమ్మ రెండు నిమిషాల్లో బయటపడింది. "ఇదేంటే?"

"ఓనరు ఊకోలే వదినె. అంతా పీకెయ్యమన్నది."

మధ్యాహ్నం బస్సుకు మంగమ్మ కల్లూరు వెళ్లిపోయింది.

ప్రమీల నేరుగా జంపక్క దగ్గరికి వెళ్లింది. "అక్కా, తప్పయింది. నీ మీద పెట్టి అబద్ధం చెప్పిన. గని ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. ఇంత మంచి ఇల్లు కట్టుకొని, కండ్లు లేనోళ్లు ఏరినట్టు ఆ టైల్స్ ఏందక్కా?"

జంపక్క తాపీగా నవ్వింది.

"కొత్తల ఆ పోర్షన్ల మేమే ఉంటిమి బిడ్డా. గసొంటి రంగులు దొరికేదాక ఖమ్మంల మూడు దుకాణాలు తిరిగిన. గుడి పక్క ఇల్లాయె, నాకు ఆరుగురు ఆడబిడ్డలాయె!"