కనకయ్య తువ్వాల

"ఆ తువ్వాలకు రంగు ఎవడు ఎయ్యమన్నడు?"

మార్తమ్మ అరుపుకు ఫ్లెక్సీ షాపులో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. కంప్యూటర్ ముందు కూర్చున్న సౌందర్య చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

తెర మీద కనకయ్య ఉన్నాడు. మార్తమ్మ మొగుడు. నిన్నటిదాకా గోడ మీద నలుపు తెలుపుల్లో ఉన్న మనిషి, ఛాతీ మీద చేతులు కట్టుకుని నిటారుగా చూస్తున్నాడు. సౌందర్య ఫోటోషాప్‌లో ఆయన మొహానికి చామనఛాయ తెచ్చింది. చొక్కాకు మట్టిరంగు వేసింది. భుజం మీది తువ్వాలకు ఊదారంగు వేసింది.

పక్కనే నిలబడ్డ కొడుకు సంజీవ మెడలో ఉన్న కండువాదీ అదే రంగు.

"ఏందే అవ్వా, గట్ల ఒర్లుతవు? నేనే ఎయ్యమన్న. పార్టీ రంగు. రేపు పొద్దుగాల మీటింగుకు ఫ్లెక్సీ ఎక్కాలె," అన్నాడు సంజీవ.

పది రోజుల్లో సర్పంచి ఎన్నికలు. పోయినసారి ఆకుపచ్చ కండువాతో ఓడిపోయిన సంజీవ ఈసారి ఊదారంగులోకి దూకాడు. ఆ కండువా మెడలో వేసినవాడు రామ్మోహన్. వాళ్ల ఊరి మధ్యలో సగం కూలిన గడి, పాతకాలపు దొర కోట, ఉంది. రామ్మోహన్ ఆ గడి దొరకు సొంత మనుమడు. రేపటి మీటింగుకు ముఖ్య అతిథి కూడా ఆయనే.

మార్తమ్మకు ఈ భాగోతం పొద్దున తెలిసింది. లేచి చూస్తే గోడకు మేకు ఉంది, ఫోటో లేదు. గట్టిగా అడిగితే కోడలు నసుగుతూ చెప్పింది. డెబ్బై ఐదేళ్ల మనిషి, చద్ది కూడా ముట్టకుండా ఆటో ఎక్కి జనగామ బస్టాండు ముందు, ఈ షాపు దగ్గర దిగింది. దారి పొడుగునా కొడుకును తిడుతూనే ఉంది. పక్కన కూర్చున్న పత్తి రైతు భయపడి ముందు సీట్లోకి మారాడు.

కోపం రాదా మరి? ఆ తువ్వాల సంగతి వాడకట్టులో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజుల్లో గడి ముందు నడవాలంటే కూలిజనం చెప్పులు చేతబట్టుకోవాలి, భుజం మీది తువ్వాల తీసి నడుముకు కట్టుకోవాలి. కనకయ్య ఒక్కడే దించలేదని చెప్పుకుంటారు.

సంజీవకు ఏడాది నిండకముందే కనకయ్య పాము కరిచి పోయాడు. తండ్రి మొహం ఎరగని పిల్లాడికి మార్తమ్మ అన్నం ముద్దతోపాటు ఆ కథ తినిపించి పెంచింది. బడిలో ఎవడైనా చిన్నచూపు చూస్తే సంజీవ ఆ మాట చెప్పే కొట్లాడేవాడు. ఇప్పుడు ఓట్లూ ఆ మాట చెప్పే అడుగుతున్నాడు. ఫ్లెక్సీ మీద తాటికాయంత అక్షరాలతో ఉన్నదీ అదే: 'తువ్వాల దించని కనకయ్య కొడుకు'.

"తాత ముంగట దించని తువ్వాలను తెచ్చి మనుమని రంగుల ముంచుతవా? సిగ్గు శరం ఉన్నదారా నీకు?"

"కాలం మారిందే. రామ్మోహనన్న మంచోడు. మనింట్ల కూసోని చాయ్ తాగిండు."

"చాయ్ తాగితె అన్నీ అయిపాయెనా? నీ మెడల ఏం ఏసుకుంటవో నీ ఇష్టం. నా పెనిమిటి భుజానికి మాత్రం వాని రంగు అంటొద్దు."

నలుగురూ చూస్తుండేసరికి సంజీవకు తల కొట్టేసినట్టయింది. "సరే, అసలు రంగు ఏందో నువ్వే చెప్పు. గదే ఏపిస్త. తెలుపా? ఎరుపా? చూసినదానివి నువ్వే గదా!"

మార్తమ్మ తెర మీంచి చూపు పక్కకు తిప్పుకుంది.

సౌందర్య మెల్లగా అందుకుంది. "అన్నా, నిజం చెప్పాల్నంటె ఈ తువ్వాల మీద ఏ రంగూ సక్కగ కూసుంటలేదు. ముఖం మంచిగొచ్చింది, చేతులు మంచిగొచ్చినయి. ఈడనే సతాయిస్తున్నది." ఫోటోను పెద్దది చేసింది. తువ్వాల తెర నిండా పరుచుకుంది. "జూడు, అంత గీతలే."

"యాభై ఏండ్ల ఫోటో. గీతలుండయా? ముదురు రంగు కొట్టు, కనవడయి. ప్రింటుకియ్యి."

"ఇయ్యకు బిడ్డా!"

"ఇయ్యి! ఓట్లకు నిలవడ్డది నేను, ఈమె గాదు."

సౌందర్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తల దించుకుని మౌస్ నొక్కింది. మూలనున్న పెద్ద మిషను గుర్రుమని కదిలింది. తెల్లటి ఫ్లెక్సీ మీద ఊదారంగు అంచు బయటికి రావడం మొదలుపెట్టింది.

మార్తమ్మకు ఒళ్లంతా మండిపోయింది. కొడుకు మీద, గడి మీద, ఆ మనుమడి మీద, అందరికంటే ఎక్కువగా తన మీద తనకే. విసవిసా వెళ్లి మిషను వైరు పట్టి పీకేసింది. మిషను సగంలోనే ఆగింది.

"అవ్వా! నీకు పిచ్చిగిట్ల లేసిందా?"

"అసలు రంగు అడిగినవు గదరా, ఇను," అంది మార్తమ్మ. "గడిల పెండ్లినాడు తీసిన ఫోటోల, తువ్వాల నడుముకు సుట్టుకొని దొర ముంగట గట్లనే చేతులు కట్టుకొని నిలవడ్డ మీ నాయినను, సచ్చినంక ఈ జనగామ స్టూడియో ఆయనను బతిలాడి నడుము కాడికి కత్తిరిపిచ్చి, ఆ భుజం మీద తువ్వాలను పెన్సిల్‌తోని నేనే గీపిచ్చిన."