కుందేలు బొమ్మ

లైబ్రేరియన్ వెనకనుంచి వెళ్ళి చూసేసరికి, కుందేలు బొమ్మ ఉన్న విడి కాగితం ముసలాయన చేతిలో ఉంది.

బల్లమీద జంతువుల పుస్తకం తెరిచి ఉంది. నూట యాభై ఏళ్ళనాటిది. నల్లగీతలు అచ్చువేసి, ఒక్కొక్క బొమ్మకీ చేత్తో రంగులద్దిన పుస్తకం. ఆ కుందేలు చెవుల్లోని లేత గులాబీరంగు ఇంకా వెలిసిపోలేదు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన ప్రతి మంగళవారం వచ్చేవాడు. ఆ ఒక్క పుస్తకమే అడిగేవాడు. గంటసేపు తల వంచుకుని కూర్చుని, వచ్చినంత మెల్లగానే వెళ్ళిపోయేవాడు. సిబ్బంది ‘జంతువుల తాత’ అని పేరుపెట్టి నవ్వుకునేవారు. అందులోంచి బొమ్మలు చింపుకుపోతున్నారన్న సంగతి ఆమె ఉద్యోగంలో చేరిన రోజే విన్నది.

“ఎన్నాళ్ళనుంచి ఈ పని?” అంది.

ముసలాయన లేచి నిలబడ్డాడు.

“ఈ వయసులో దొంగతనమా? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకండి.”

చదువుకుంటున్నవాళ్ళందరూ తలెత్తి చూశారు. ఆయన బొమ్మని రెండు చేతులతో ఆమెకు అందించాడు.

“దాని చోట దాన్ని పెట్టెయ్యమ్మా” అని మాత్రం అన్నాడు.

ఆమె దాన్ని కవరులో వేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత రెండు మంగళవారాలు ఆయన గేటు దగ్గర నిలబడ్డాడని వాచ్‌మన్ చెప్పాడు. మూడోసారి రాలేదు. పీడ వదిలిందనుకుంది.

ఎండాకాలం పోయాక ఒకావిడ వచ్చింది. ప్రతి మంగళవారం వచ్చే ముసలాయన కూతురినని చెప్పుకుంది. పదిరోజుల క్రితం నాన్న పోయారంటూ అట్టల మధ్య భద్రంగా పెట్టిన బొమ్మ ఒకటి తీసి ఇచ్చింది. నీటిపిల్లి.

“కుందేలూ ఇదీ పెడితే పుస్తకం నిండిపోతుందన్నారండీ.”

లైబ్రేరియన్‌కి అర్థం కాలేదు. పుస్తకమూ పాత తనిఖీ రిజిస్టరూ తెప్పించింది. ముప్ఫైయొక్క బొమ్మలు ఎవరో చింపుకుపోయారని రిజిస్టరులో ఉంది. ఒక్కొక్క పేజీ తిప్పింది. నక్క ఉంది. ముంగిస ఉంది. ముళ్ళపంది ఉంది. ప్రతిదాని అంచునా, వేలికి కూడా తగలనంత సన్నని కాగితప్పట్టీ అతికించి ఉంది.

ఖాళీలు రెండే.

ఊరూరా పాత పుస్తకాల కొట్లు తిరిగి, కొట్లవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, ఇరవైరెండేళ్ళుగా ఒక్కొక్కటే తెచ్చి అతికించారని కూతురు చెప్పింది.

లైబ్రేరియన్ పుస్తకం మెల్లగా మూసింది.

“ఆరోజు ఆయన ఆ ఒక్కమాట చెప్పుంటే సరిపోయేది కదండీ” అంది చివరికి.

“అయితే చింపిందెవరని మీరు అడుగుతారు కదా” అంది కూతురు. “ఒకప్పుడు మీ కుర్చీలో కూర్చున్న మా తాతగారే చింపి అమ్ముకున్నారండీ. కన్నతండ్రి పేరు పోకూడదని, దొంగ అన్న ఆ మాట నాన్నే మోసుకుపోయారు.”