ఆ రోజు ఫజర్ నమాజు

ఆ తెల్లవారుజామున తమ్ముడు మస్తాన్ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. ఇసుక లారీల మీద వాడు రాసిన వార్త ఆ రోజే పేపర్లో రావాలి. రేపల్లె బస్టాండులో కట్టలు దిగే వేళకు బయల్దేరాడు.

"ఆపా, మొదటి పేజీలో పడేట్టు దువా చెయ్యి. అల్లా దగ్గర నీ మాటే చెల్లుద్ది."

"ముందు స్వెట్టర్ వేసుకోరా," అని నేను ఫజర్ నమాజుకు చాప మీద నిలబడ్డాను.

రెండో రకాతులో ఉండగా వీధిలో కేక వినబడింది. నా జీవితంలో మొదటిసారి నమాజు మధ్యలో విడిచి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. వీధి దీపం వెలుగులో మస్తాన్ బోర్లా పడి ఉన్నాడు. కత్తి పట్టుకున్నవాడు తలెత్తి నన్ను చూశాడు. నేనూ వాణ్ణి చూశాను. లారీల యజమాని తమ్ముడు.

మస్తాన్ బతికాడు కానీ, రాసే చేయి పోయింది. వెనకనుంచి నరకడంతో వాడు ఎవర్నీ చూడలేదు. చూసింది నేనొక్కదాన్నే.

మూడేళ్ళుగా ఆ మనిషి బెయిలు మీద తిరుగుతున్నాడు. నేను సాక్ష్యం చెప్పాల్సిన ముందు రోజు, మస్తాన్ కూతురు కాలేజీకి వెళ్ళే తెనాలి బస్సెక్కి, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి అడిగాడట.

"మీ మేనత్త బాగుందా అమ్మా?"

ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం. మస్తానే ముందు నోరు విప్పాడు.

"నమాజులో ఉన్న మనిషి తల తిప్పదు గదా ఆపా. జడ్జిగారైనా నమ్ముతారు."

ఆ రోజు నా నమాజు చివరిదాకా పూర్తయిందని చెప్పాలని ఇంట్లో నిర్ణయించుకున్నాం.