కిటికీలో సీసా

రజిని కిటికీ తెరిచేసరికి చువ్వల పక్కన మళ్లీ ఆ సీసా ఉంది.

కూల్‌డ్రింకు తాగి పారేసిన పాత సీసా. నిండా నీళ్లు. మూత లేదు.

కుక్కలు రాకుండా గేటుకు వేలాడదీసే రంగునీళ్ల సీసా కాదది. ఉత్త నీళ్లు.

"నిమ్మకాయ పెడితే ఏం చేసిన్రో తెలుస్తది. నీళ్లు పెడితే ఏమనుకోవాలె?" అంది భర్త శైలేందర్‌తో.

"ఎవలో మరిచిపోయి ఉంటరు తియ్."

"రోజూ మరుస్తరా? మన కిటికీలనే మరుస్తరా?"

సిద్దిపేటలో ఆ వీధికి కిరాయికి వచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. అప్పుడే రజినికి వీధి మొత్తం మీద అనుమానం. ఆ మాటకొస్తే ఆవిడకు సొంత ఉప్పుడబ్బా మీదా నమ్మకం లేదు. నాలుక మీద వేసుకుని చూశాకే కూరలో వేస్తుంది.

కిటికీ లోపలి గట్టు మీద గాజుబుడ్డిలో బంతి గిరగిరా తిరుగుతోంది. ఆరేళ్ల హర్షిణి తన గోల్డ్‌ఫిష్‌కు పెట్టుకున్న పేరది. దాని రంగు అచ్చం బంతిపువ్వు రంగేనట.

అంతకుముందు తెచ్చిన చేప రెండోరోజే చచ్చిపోయింది. పొద్దున్నే హర్షిణి గడప మీద కూర్చుని వీధంతా వినబడేలా ఏడ్చింది. శైలేందర్ ఇంకోటి తెచ్చాడు.

"ఇది గూడ పోతే ఇగ తెచ్చేది లేదు బిడ్డా. నీళ్లు నువ్వే మార్చుకోవాలె," అన్నాడు.

ఇది మాత్రం ఇరవై రోజులుగా హాయిగా ఉంది. హర్షిణి స్కూలుకు వెళ్తూ దానికే చెప్పి వెళ్తుంది, రాగానే దాని దగ్గరికే పరుగెత్తుతుంది.

"హర్షీ, గీ బాటిల్ ఎవలు పెడుతున్నరో నీకు ఎర్కనా?"

"తాత."

రజిని చేతిలో గంటె ఆగిపోయింది. హర్షిణికి ఉన్నది ఒక్క తాత. ఆయన ప్రజ్ఞాపూర్‌లో ఉంటాడు.

"ఏ తాత?"

"తెల్లగడ్డం తాత. పొద్దుగాల వస్తడు."

"నీకేమన్న తినవెట్టిండా?"

"ఊహూ. నీళ్లే ఇచ్చిండు."

"తాగినవా?"

"నేను కాదమ్మా. బంతి తాగింది."

మర్నాడు పొద్దున్నే రజిని తలుపు వెనక కాపు కాసింది.

అప్పుడే నల్లా వచ్చింది. ఇళ్లల్లో బిందెలు నిండుతున్న చప్పుడు. కాసేపటికి సందు మలుపులోంచి ఒక మనిషి వచ్చాడు. మాసిన లుంగీ, మెడలో తువ్వాల, భుజం మీద పొడుగాటి ఇనుపరాడ్డు. కొత్త సీసా కిటికీలో పెట్టి, పాతది తీసుకుని, తల వంచి లోపలికి తొంగిచూశాడు.

"ఇంక బతికే ఉన్నవా?" అన్నాడు మెల్లగా.

రజిని అరిచిన అరుపుకు వీధంతా బయటికి వచ్చింది.

"చేతిల రాడ్డు సూడున్రి! మా పిల్ల కోసమే రోజూ వస్తుండు!"

"కాదు బిడ్డా, నేను చేప కోసం..."

"చేప కోసం రాడ్డు ఎందుకురా?" అన్నాడెవరో. నలుగురు నవ్వారు.

పక్కింటి ఉమారాణి అతన్ని తేరిపార చూసింది.

"పన్నెండేండ్ల సంది గీ గల్లిల ఉంటున్న. గీ మనిషిని ఎన్నడు సూడలె."

ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. శైలేందర్ ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. 'పిల్లల దొంగ, జాగ్రత్త' అని రాసి కాలనీ గ్రూపులో పెట్టాడు. అది పాలు కాగేలోపు నాలుగు వార్డులు తిరిగింది.

ఆ మనిషి పారిపోలేదు, తిట్టలేదు. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని, తల దించుకుని వెళ్లిపోయాడు.

"తాత మంచోడమ్మా..."

"నోర్ముయ్. లోపలికి నడువు."

రజిని సీసాను మోరీలో కుమ్మరించింది. బుడ్డిలో నీళ్లూ పారబోసి, బుడ్డిని రెండుసార్లు తోమి, నల్లా కింద పెట్టి తాజా నీళ్లు నింపింది. అప్పటికి గాని ఆమె మనసు కుదుటపడలేదు.

సాయంత్రానికి బంతి వెల్లకిలా తేలింది.

"సూసినవా? వాడు ఏం కలిపిండో ఏమో!" అంది రజిని.

ఈసారి హర్షిణి గడప మీద కూర్చోలేదు, గట్టిగా ఏడవలేదు. ఇంకో చేప కావాలనీ అడగలేదు. అదే రజినిని ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు నల్లా రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడోరోజు పొద్దున ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో వాకిళ్లలో నిలబడ్డారు.

"నీళ్లు ఇడిసెటోడు ఏడ సచ్చిండో!" అని ఉమారాణి తిడుతుండగానే వీధి మొదట్లో ఒకామె కనిపించింది. భుజం మీద అదే ఇనుపరాడ్డు.

ఆమె నేలలో ఉన్న చిన్న ఇనుప మూత లేపింది. రాడ్డు లోపలికి దింపి, రెండు చేతులా బలమంతా పెట్టి తిప్పింది. ఇళ్లల్లో నల్లాలు గుర్రుమన్నాయి. ఒక్కరూ బిందె పెట్టడానికి కదల్లేదు.

"చేప ఉన్న ఇల్లేదమ్మా?" అని అడిగిందామె.

"గిదే," అంది హర్షిణి.

ఆమె సంచిలోంచి మూతలేని సీసా తీసింది.

"మా ఆయన పంపిండు బిడ్డా. నల్లా నీళ్లల్ల బ్లీచింగ్ ఉంటది. మనకు మంచిదే, చేపకు పడది. ఒక దినం మూత తీసిపెట్టిన నీళ్లే పొయ్యాలె అన్నడు. నీ మొదటి చేప పోయిననాడు నువ్వు ఏడ్సింది ఆయన చెవిల పడ్డదట."

రజిని సిగ్గుతో చచ్చిపోయింది. "ఆయన రాలేదా?" అంది.

"ఫోన్ల ఫొటో సూసిన సంది గడప దాటుతలేడమ్మా. 'గల్లి ఎండుతున్నది, నువ్వన్న పో' అని నన్ను తోలిండు. పదమూడేండ్ల సంది ఒక్కనాడు నాగా పెట్టలె."

"పేరేంది ఆయనది?" అడిగింది ఉమారాణి.

"రాజమల్లయ్య."

పదమూడేళ్లుగా తమ బిందెలు నింపిన మనిషి మొహాన్ని ఆ వీధి మొదటిసారి చూసింది, 'పిల్లల దొంగ' అని ఫొటో తీసిన రోజే.