పేరు చెప్పని ప్రార్థన

"పేరు మాత్రం అడగకుండ్రి," అంది సాయవ్వ. "మన సంఘంల ఒకాయన కల్లు దుకాణానికి మరిగిండు. నా కండ్లతోని చూసిన. ఆయన మారాలని అందరు ప్రార్థన చేయుండ్రి."

బోధన్‌లో ఆ బుధవారం మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన కూటం జరుగుతోంది. ఒకరి భారం ఒకరు మోయాలని పాస్టరమ్మగారు అప్పుడే వాక్యం చదివి వివరించారు. పన్నెండు మంది కొంగులు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. రాములవ్వ మాత్రం ఒక కన్ను తెరిచి ఈరవ్వ వైపు చూసింది.

ఈరవ్వ భర్త కొమురయ్య సంఘ పెద్ద. ప్రభు భోజనం రోజున రొట్టె పళ్ళెం పట్టుకుని పాస్టరు అయ్యగారి పక్కన నిలబడే మనిషి. చక్కెర ఫ్యాక్టరీలో మొలాసిస్ మడ్డి తొట్టి దగ్గర పని. ఎంత రుద్ది స్నానం చేసినా ఒంటి మీద ఆ పులిసిన వాసన పోదు.

ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర రాములవ్వ సాయవ్వ చెవిలో అంది.

"నాకు ఎర్కైంది తియ్యి. మొలాసిస్ వాసనని చెప్పి ఇన్నొద్దులు మన కండ్లల్ల దుమ్ము కొట్టిండు."

"నేను పేరు చెప్పలే గదక్కా."

"నువ్వెందుకు చెప్తవు, బంగారానివి! మాకు తెల్వి లేదా?"

సాయవ్వ వంగి, కంటి ముందున్న చెప్పుల కోసమే కాసేపు వెతికింది.

ఆ మాట వారం తిరక్కముందే మగవాళ్ళ దాకా పోయింది. నల్లా దగ్గర ఈరవ్వ ఎదురైతే సాయవ్వ సగం బిందెతోనే ఇంటికి వచ్చేసింది. అన్నం ముందు ప్రార్థన చేసుకోవాలంటే మాట రావడం లేదు. ఉత్తగా కళ్ళు మూసి తెరిచేది.

ప్రభు భోజనం ఆదివారం వచ్చింది. రొట్టె పళ్ళెం వేరే ఆయన పట్టుకున్నాడు. కొమురయ్య అందరికంటే వెనక, చాప కొసన కూర్చున్నాడు. అయ్యగారు పది ఆజ్ఞలూ చదివారు. అబద్ధ సాక్ష్యం పలకవద్దనే తొమ్మిదోది వచ్చేసరికి సాయవ్వ పెదవులు కదల్లేదు. మగవాళ్ళ వైపు నుంచి ఆమె భర్త ముత్తన్న మాత్రం ఆజ్ఞ ఆజ్ఞకూ గట్టిగా జవాబు చెబుతున్నాడు.

సాయంత్రం నాలుగింటికి పెద్దల కమిటీ కూర్చుంటుందని, కొమురయ్య సంగతి అప్పుడే తేలుస్తామని అయ్యగారు ప్రకటించారు.

అంతలోపే చెప్పాలి. సాయవ్వ ఈరవ్వ ఇంటికి బయల్దేరింది. రోడ్డు పొడవునా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు. దాటడానికి సందు లేదు. వెనక్కి పోవడానికి మంచి సాకే. అయినా నిలబడి, రెండు బండ్ల మధ్య నుంచి దూరి వెళ్ళింది.

ఈరవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో మంట లేదు.

"రా చెల్లె. పేరు చెప్పక నా ఇజ్జత్ కాపాడాలని చూసినవ్. నీ మీద నాకేం కోపం లేదు."

"అక్కా, గది కాదు..."

"ఆయన బైబిల్ మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తుండు. నేను పోలే, నేను తాగలే అంటుండు. నేను నమ్మలే. నువ్వు కండ్లతోని చూసినవంటివి. నువ్వు అబద్ధమాడే దానివా? నాలుగొద్దులాయె, ఆయనకు నా చేత్తోని బువ్వ పెట్టలే."

"అక్కా, నేను చూసింది..."

"వద్దు చెల్లె, మల్ల చెప్పకు. ఇనలేను."

ఆ మాటతో సాయవ్వకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. అలా అయినందుకు సిగ్గేసింది.

అక్కడి నుంచి అయ్యగారి ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. కమిటీ అప్పటికే కూర్చుంది. మూసిన తలుపు వెనక నుంచి కొమురయ్య గొంతు వినబడుతోంది. "ప్రభువు తోడు, నాకా దుకాణం తొవ్వనే తెల్వది."

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న పాస్టరమ్మగారు తలెత్తారు.

"సమయానికి వచ్చావు సాయవ్వా. లోపల వాళ్ళు నిన్నే అడగమంటున్నారు. మగవాళ్ళ ముందు నిలబడే పని లేదులే. నువ్వు కళ్ళారా చూసిన మాట నిజమేనా? అదొక్కటీ చెప్పు చాలు."

సాయవ్వ కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. ఇప్పుడు నోరు తెరిస్తే రేపటి నుంచి ఈ వాడలో ఎలా తిరగడం?

"చూసిన మాట నిజమేనమ్మా," అంది.

పాస్టరమ్మగారు లోపలికి వెళ్ళారు. తలుపు మళ్ళీ మూసుకుంది. కొమురయ్య గొంతు ఆ తర్వాత వినబడలేదు.

సాయవ్వ ఇల్లు చేరి చాలాసేపు కూర్చుండిపోయింది. ఇంకా వెలుతురు ఉండగానే ముత్తన్న వచ్చాడు. ముఖం కళకళలాడుతోంది.

"కొమురయ్యను పెద్దరికంలకెళ్ళి తీసేసిన్రు. ఏడాది దాకా ప్రభు భోజనం గూడ లేదు. పాపం, ఏడ్చిండంట," అని నవ్వాడు. "తాగెటోళ్ళు గట్లనే ఏడుస్తరు. అయ్యగారు నన్ను పిలిపించిండు. ఆ జాగల నన్ను పెట్టిన్రు."

సాయవ్వ లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి, కల్లు దుకాణంలో తాను కళ్ళారా చూసిన ఆ మనిషి కాళ్ళ మీద పోసింది.